పొయ్యి యొకటి, ప్రశ్నలు నాలుగు

వంటయింటి పొగనుగూర్చి వ్రాయబూనుట కొందఱు సోదరీమణులకు వింతగా దోచవచ్చును. గ్యాసు వచ్చిన పిమ్మట ఇంక పొగ యెక్కడిదని పట్టణవాసులు అడుగుదురు. కాని 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేను చూడగా, మన దేశమున నూటికి సుమారు 59 ఇండ్లవారు మాత్రమే వంటకు గ్యాసు మున్నగు శుభ్రమైన యింధనములను వాడుచున్నట్లు తేలినది. తెలుగునాట స్థితి యింతకంటె చాల మెఱుగు. అయినను కట్టెలు, పిడకలు, కందికంప మండుచున్న పొయ్యిలు మన పల్లెలలో నేటికిని లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్కప్రకారము 2020వ సంవత్సరమున ఇండ్లలోని పొగవలన లోకమంతట సుమారు 32 లక్షల మంది మరణించిరి.

మేమిందు చెప్పదలచినది పొగనుగూర్చియే యైనను, పొగనుగూర్చి మాత్రమే కాదు. శాస్త్రజ్ఞుడు, ఇంజనీరు, ఆర్కిటెక్టు, డిజైనరు - ఈ నలుగురి చదువులును నేడు మన యిండ్లలోని బిడ్డలు చదువుచున్నవే. ఒక్క పొయ్యియెదుట ఈ నలుగురిని నిలువబెట్టినచో, అందఱును ఒకే పొగను చూచుచు నాలుగు వేఱు సమస్యలను కనుగొందురు. ఎవరి సమస్యను వారు చక్కగా పరిష్కరించుకొని పోగా, పొయ్యిదగ్గర కూర్చున్నయామెకు కొన్నిమార్లు మేలు కలిగినది, కొన్నిమార్లు ఏమియు కలుగలేదు.

మా పుట్టినిల్లు విజయనగరము ప్రాంతపు పల్లె. పెంకుటింటికి వెనుక తాటాకు వంటపాక, అందు మట్టిపొయ్యిలు మూడు. మా అమ్మగారు 14వ యేట కాపురమునకు వచ్చినది మొదలు ఆ పొయ్యిలయెదుట ఊదుగొట్టము పట్టుకొని కూర్చుండిరి. కన్నులు తుడుచుకొనుట వంటలో నొక భాగమే యని మేము చిన్ననాట అనుకొనెడివారము. 1994లో ఆమెకు దగ్గు, ఆయాసము ఎక్కువకాగా పట్టణమునకు తీసికొని పోతిమి. అచటి వైద్యుడు మొదట, చుట్ట త్రాగు అలవాటున్నదా యని యడిగెను. మా ప్రాంతమున ఆడువారు చుట్ట కాల్చుట కలదు గావున ఆ ప్రశ్న తప్పు కాదు. అమ్మగారు జన్మలో చుట్ట ముట్టియెఱుగరు. ‘లేదు’ అని వ్రాసికొని ఆయన తరువాతి ప్రశ్నకు పోయెను. ఏ పొయ్యియెదుట కూర్చుండి వండుచుందువమ్మా యని యడుగలేదు. ఆయనను నిందించుట మా యుద్దేశము కాదు. ఆయన చదువుకొన్న కాలమున ఆ ప్రశ్న పుస్తకములకు ఎక్కియుండదు. మఱి నాలుగేండ్లు దగ్గుచునే యుండి అమ్మగారు కాలము చేసిరి.

ఆ ప్రశ్నను పుస్తకములకు ఎక్కించినవారు శాస్త్రజ్ఞులు. అమెరికా దేశీయుడగు కిర్క్ స్మిత్ గారు మన దేశీయులగు సహచరులతో గూడి, గుజరాతు పల్లెలలో వంటచేయు స్త్రీలచేత గాలిని పట్టు చిన్న యంత్రములను ధరింపజేసి, వారు పీల్చుగాలిలో ఎంత ధూళి యున్నదో కొలిచి 1983లో ప్రకటించిరి. గాలి చెడుట యనగా ఫ్యాక్టరీ గొట్టమనియు, మోటారుబండి యనియు తలచుటయే అప్పటి వాడుక. యంత్రమును వీధిస్తంభమునకు గాక స్త్రీ దేహమునకు తగిలించుటలో ఎంత బుద్ధి యున్నదో చదువరులే గ్రహింపగలరు. తరువాత చెన్నపట్టణమునుండి కల్పనా బాలకృష్ణన్ గారును, స్మిత్ గారును, మఱికొందఱును నాటి ఆంధ్రప్రదేశములోని మూడు జిల్లాలలో 400కు పైగా పల్లెటూరి యిండ్లలో ఇట్లే కొలిచి 2004లో ప్రకటించిరి. గ్యాసు వాడు ఇండ్లలో ఘనమీటరు గాలికి సగటున 73 మైక్రోగ్రాముల ధూళి యుండగా, కట్టెలు పిడకలు మున్నగునవి వాడు ఇండ్లలో ఆ సగటు 732 వఱకు పోయెను. ఆడువారిలో 15 మొదలు 40 ఏండ్ల లోపువారికి పొగ యెక్కువ తగిలినది. వండువారును, వంటకు సాయపడువారును వీరే గదా. మగవారిలో 65 మొదలు 80 ఏండ్ల వృద్ధులకు ఎక్కువ తగిలినది. ఇంటిపట్టున నుండువారు వారే. ఈ రెండు వాక్యములను చదివినపుడు మాకు మా వంటపాకయు, దాని గుమ్మమునొద్ద నులకమంచముపై కూర్చుండు మా తాతగారును కన్నులయెదుట నిలిచిరి.

శాస్త్రజ్ఞుని ప్రశ్న ‘ఏమి జరుగుచున్నది, ఎంత జరుగుచున్నది’ అనునదే. అది తేలువఱకు ఆయన చేయి కదల్పడు. స్మిత్ గారే గ్వాటిమాలా దేశమున సుమారు 500 ఇండ్లను చీట్లు తీసినట్లుగా రెండు భాగములు చేసి, ఒక సగమునకు పొగగొట్టముగల పొయ్యిలను వెంటనే కట్టించి, రెండవ సగమునకు పరిశోధన ముగిసినపిమ్మట కట్టించిరి. 2011లో ప్రకటించిన ఫలితమును చూడగా, పసిబిడ్డలకు వచ్చు న్యుమోనియా మొత్తముమీద తగ్గినదని నిశ్చయముగా చెప్పుటకు వీలుకాలేదు. ప్రాణాపాయకరమగు తీవ్ర న్యుమోనియా మాత్రము సుమారు మూడవవంతు తగ్గినది. రెండవ సగములోని తల్లి స్థానమున నిలిచి చూచినచో ఈ పద్ధతి కఠినముగానే తోచును. కాని ఈ కాఠిన్యము లేకయే దేశదేశములలో కట్టించిన పొయ్యిలు బిడ్డలకు మేలుచేసినవో లేదో చెప్పగలవారు లేకపోయిరి.

ఇంజనీరు స్వభావము వేఱు. పొగను ఎవరును కొలువకముందే దానిని వెళ్లగొట్టుటకు పూనుకొన్నవాడాయన. 1947 ప్రాంతమున వార్ధాయందలి మగన్‌వాడిలో మగన్ చుల్హా యను పొయ్యి పుట్టెను. మన హైదరాబాదులో ఇంజనీరింగు పరిశోధనాలయమునందు డాక్టరు ఎస్. పి. రాజు గారు మఱియొక పొగలేని పొయ్యిని కల్పించి, దానినిగూర్చి 1953లో ఇంగ్లీషున ఒక పుస్తకమే ప్రకటించిరి. పొగ, మసి, వేడి, వృథా, అగ్నిభయము - ఈ యైదింటినుండి గృహిణికి విముక్తి కలిగింతునని వారి వాగ్దానము. ఒక ఇంజనీరు తన శక్తిని ఆనకట్టకో వంతెనకో గాక వంటపొయ్యికి వినియోగించుట ఆ కాలమున సామాన్యమైన మాట కాదు.

ఆ పొయ్యి పనిచేయు తీరు చెప్పెదము. వేడెక్కిన గాలి తేలికయై పైకి పోవును. పొయ్యికి నిలువు గొట్టము నొకదానిని అమర్చినచో వేడిగాలి అందుండి పైకెగయుచు, పొయ్యి నోటినుండి క్రొత్తగాలిని లోనికి లాగికొనును. ఈ లాగుడే ఊదుగొట్టము పనిని చేయును. మంట మొదటి పాత్రక్రింద మండి, దాని వేడి లోపలి దారివెంట రెండవ పాత్రక్రిందికి పోయి, మిగిలినది గొట్టమున వెళ్లిపోవును. గొట్టములో నొక రేకు తలుపుండును. దానిని త్రిప్పి లాగుడును తగ్గించుకొనవచ్చును, హెచ్చించుకొనవచ్చును. అయితే దీనికంతకును ఒక నిబంధన యున్నది. పాత్ర కన్నముపై సందులేకుండ కూర్చుండవలెను. నోరు చిన్నదిగా నుండవలెను. గొట్టము శుభ్రముగా నుండవలెను. ఇందేది తప్పినను గాలి దారి తప్పును, పొగ ఇంటిలోనికి వచ్చును.

1983లో కేంద్రప్రభుత్వమువారు ఇట్టి పొయ్యిల కొఱకు జాతీయ కార్యక్రమమును ఆరంభించి, 2002 వఱకు నడిపి, 3 కోట్లకు పైగా పొయ్యిలను పంచినట్లు లెక్కలు చెప్పుచున్నవి. అందొకటి 1987లో మా పుట్టింటికిని వచ్చెను. ఒక మేస్త్రి వచ్చి, కొలత ప్రకారము రెండు కన్నముల పొయ్యిని ఒక్క పూటలో కట్టి, తాటాకు కప్పును చీల్చి సిమెంటు గొట్టమును పైకి నిలిపి, చీటీపై అమ్మగారి వ్రేలిముద్ర వేయించుకొని పోయెను. పాత్రలు చూపుమని యడుగలేదు. మా యింట దినమునకు పదునలుగురు భోక్తలు. అన్నము వండు గుండిగ ఆ కన్నముపై కూర్చుండక ఒరుగుచుండెను. రెండవ కన్నముపై పప్పు ఉడుకుటకు జాము పట్టెడిది. నోరు చిన్నది గావున మోడుకట్టె దూఱదు. చీల్చిన పుల్లలే పెట్టవలెను. ఆ చీల్చు పని యెవరిది? మేస్త్రి కొలతలో ఆ మాట లేదు. గొట్టమున మసి పట్టగా కప్పుమీదికెక్కి దులుపవలెనని చెప్పిపోయినారట. చీరకట్టుకొన్న యిల్లాలు తాటాకు కప్పునెక్కుట యెట్లు? మా నాయనగారు సంవత్సరమున కొకమారు ఎక్కెదనని చెప్పిరి, ఎక్కలేదు.

రెండవ వానకాలము గడచులోపల అమ్మగారు గునపము తీసికొని ఆ పొయ్యి నోటిని తమకు కావలసినంత పెద్దదిగా చేసికొనిరి. గుండిగ కుదురుగా కూర్చుండుటకు మూడు రాళ్లు పైన పెట్టిరి. అన్నము వేళకు ఉడికినది, పొగ యథాప్రకారముగా వచ్చినది. తనిఖీకి వచ్చిన యుద్యోగి, ఈ ఆడువారికి దేనినిచ్చినను పాడుచేయుదురని మా నాయనగారితో అనెను. పాడుచేయుట ఆయన మాట. పదునలుగురి యన్నమునకు సరిపఱచుకొనుట యని మా మాట.

ఇది మా యొక్క యింటి కథ కాదని తరువాత తెలియవచ్చెను. 2019లో నోబెల్ బహుమానము పొందిన ఎస్తేర్ డుఫ్లో గారు, రీమా హన్నా, మైకేల్ గ్రీన్‌స్టోన్ గార్లతో గూడి, ఒడిశాలో సుమారు 2,600 కుటుంబములలో ఇట్టి మెఱుగుపఱచిన పొయ్యిలను నాలుగేండ్లపాటు గమనించిరి. మొదటి యేట పొగ తగ్గెను. ఆపైన భేదమే కనబడలేదు. పొయ్యిలను తఱచుగా వాడుటయు లేదు, బాగుచేసికొనుటయు లేదు. ప్రయోగశాలలో గెలిచిన పొయ్యి వంటపాకలో ఓడినది.

ఒకే వస్తువును చూచి యింత భిన్నముగా ఆలోచించుట పుట్టుకతో వచ్చునా, చదువుతో వచ్చునా యను సందేహము మాకు చిరకాలముగా నుండెను. దీనికి సంబంధించిన యొక వినోదమైన పరీక్షను ఇంగ్లండులో బ్రయన్ లాసన్ అను ఆయన చేసి 1979లో ప్రకటించెను. ఆర్కిటెక్చరు చివరి తరగతివారికిని, సైన్సు ఉన్నత తరగతులవారికిని రంగుచెక్కలనిచ్చి, వెలుపలి గోడలయందు ఒక రంగు వీలైనంత యెక్కువగా కనబడునట్లు పేర్చుడనెను. చెక్కల కూర్పున కొక రహస్య నియమము కలదు. అది వారికి చెప్పరు. పేర్చినది నియమమునకు కుదిరినదో లేదో మాత్రము చెప్పుదురు. సైన్సువారు రంగు మాట ప్రక్కకు పెట్టి, వేఱువేఱు చెక్కలను మార్చి మార్చి చూచి, ముందు నియమమును పట్టజూచిరి. ఆర్కిటెక్చరువారు తమకు కావలసిన రంగెక్కువగా నున్న కూర్పునే ముందు పేర్చి, అది కుదరదన్నచో దానికి తరువాత మంచిదైన కూర్పును పేర్చి, ఆ ప్రయత్నములోనే నియమమును నేర్చికొనిరి. ఒకరికి సమస్య ముందు, మఱియొకరికి పరిష్కారము ముందు. ఇంతకంటె విశేషమైనది, అప్పుడే కళాశాలలో చేరిన మొదటి యేటి విద్యార్థులతోను, బడి విడిచినవారితోను ఇదే పరీక్ష చేయగా, ఇట్టి భేదము కానరాకపోవుట. కాబట్టి ఈ చూపు కళాశాలలలో అలవడునదే గాని నెత్తురులో నున్నది కాదని తోచుచున్నది.

మా యింటనే ఈ నాలుగు చూపులును ఒకనాడు ఒక్క చోట కూడినవి. విశాఖపట్టణమునందలి మా అపార్టుమెంటులో ఎండుమిర్చి పోపు పెట్టగానే ఆ ఘాటు హాలువఱకు పోయి అందఱును దగ్గుచుందురు. ఇంజనీరగు మా మేనల్లుడు వంటగది పొడవు వెడల్పులు కొలిచి, గంటకు గాలి యెన్నిమార్లు మాఱవలెనో లెక్కగట్టి, ఫ్యాను చాలదనెను. మా మేనకోడలు సైన్సు చదివినది. “ఏ దినము ఎక్కువ, ఏ దినము తక్కువ? వ్రాసిపెట్టినారా అత్తయ్యా?” అని యడిగెను. ఆర్కిటెక్టగు మా అమ్మాయి సముద్రపుగాలి యేవైపునుండి వచ్చుచున్నదో చూచి, అసలు ఈ వంటగదిని ఇచట పెట్టుటయే తప్పనెను. ఈ మాట వినుటకు బాగుగనే యున్నది, ఇల్లు కొని పండ్రెండేండ్లైనది గదా! డిజైను నేర్చిన మా చెల్లెలి కొడుకు చాలసేపు మాటలాడక నిలుచుండి చూచి, “పెద్దమ్మా, మూత యెక్కడ పెట్టుదువు?” అనెను. మూత క్రింది అలమారలో నుండును. పోపు చిటపటలాడునపుడు వంగి తీయుటకు వ్యవధి యుండదు. వాడు పొయ్యిప్రక్క నొక మేకు కొట్టి మూతను తగిలించెను. ఘాటు సగము తగ్గినది. మా మేనల్లుడు మాత్రము ఆ మిగిలిన సగమునకు ఫ్యాను మార్చవలసినదే యని నేటికిని వాదించుచున్నాడు. వాని మాటయు నిజమే.

ఆర్కిటెక్టులలో వంటిల్లు తెలిసినవారు లేకపోలేదు. 1926లో జర్మనీయందలి ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు మార్గరెటె షూటె-లిహోట్స్కీ యను ఆర్కిటెక్టు ఒక వంటగదిని కల్పించెను. అడుగులు లెక్కించి, చేతికందునంత దూరమున అన్నియు నమర్చినది. వేలకొలది ఇండ్లలో అది వెలసెను. ఇద్దఱు నిలువజాలని యిఱుకు గది యని కొందఱు గృహిణులు గొణిగిరి. దానిని గీచునాటికి తనకు వంటయే రాదని ఆమె తరువాత దాపఱికము లేక చెప్పుకొనెను.

మాకు ఎక్కువ నచ్చినది మన దేశపు కథ. చండీగఢ్ చెంత, హర్యానాలోని నాడా యను పల్లెలో, మధు సరీన్ అను ఆర్కిటెక్టు 1980 ప్రాంతమున పొగలేని మట్టిపొయ్యిని అచటి స్త్రీలతో గలిసి రూపొందించెను. దానికి నాడా చుల్హా యని పేరు. కట్టువారు బయటినుండి వచ్చిన మేస్త్రీలు కారు. ఊరి స్త్రీలకే ఆ పని నేర్పిరి. ఆ యింటి పాత్రలను బట్టియే కన్నముల కొలత. రాజుగారి పొయ్యిలోని గాలిశాస్త్రమే ఇందును గలదు, అది మాఱలేదు. మాఱినది కొలబద్ద యెవరి చేతిలో నున్నదనుటయే. మా యింటికి వచ్చిన మేస్త్రి ఒక్కమారు గుండిగను చూపుమని యడిగియున్నచో ఏమి జరిగియుండునో యని మేము తఱచుగా తలచుచుందుము. అయితే ఈ పద్ధతిలో నొక చిక్కు కలదు. ఒక్కొక్క యింటికి ఒక్కొక్క కొలత యన్నచో కోట్లకొలది కట్టుట కష్టము. ఒకే కొలత యన్నచో కట్టుట సులభము, వాడుట కష్టము. ప్రభుత్వమువారు కట్టుటలోని సౌలభ్యమునే కోరిరి.

డిజైనర్లు వచ్చినది చివరకు. ఫిలిప్స్ కంపెనీ డిజైనర్లు పల్లెలలోని స్త్రీలను కలిసికొని మాటలాడి కల్పించిన పొయ్యికి 2009లో డెన్మార్కునందలి ఇండెక్స్ బహుమానము వచ్చినది. అచ్చులలో పోసిన విడివిడి భాగములను కలిపి దానిని నిలుపవలెను. మాకు దానిలో నచ్చినది యొక్కటియే - కప్పునెక్కకుండ, ఇంటిలోనుండియే గొట్టమును శుభ్రము చేసికొనవచ్చును. అమ్మగారికి కావలసినది అదియే గదా. ఈ చిన్న మాట తట్టుటకు రాజుగారి పుస్తకము వచ్చిన పిమ్మట అర్ధశతాబ్దమునకు పైగా పట్టినది. బహుమానము వచ్చినంతమాత్రమున పొయ్యి ఇంటింటికి రాదనుట వేఱు సంగతి.

కట్టెపొయ్యిని శుభ్రపఱచుటకంటె శుభ్రమైన యింధనమునే అందఱకు అందించుట మేలని స్మిత్ గారు తమ చివరి యేండ్లలో గట్టిగా వాదించిరి. 1999లో ఉమ్మడి రాష్ట్రమున దీపము పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకమును వచ్చి లక్షలాది పేద గృహిణులకు గ్యాసు కనెక్షను కలిగినది. ఇది మేలైన పని. కాని బండ ధర హెచ్చినపుడెల్ల పెరటిపొయ్యి మరల రాజును. కనెక్షన్లను లెక్కించువారికి ఆ పొయ్యి కనబడదు.

మా పుట్టింట నిప్పుడు మా తమ్ముడును మరదలును ఉన్నారు. వంటకు గ్యాసే. స్నానపు నీళ్లకు మాత్రము వసారా చివర కట్టెపొయ్యి. కడచిన ధనుర్మాసమున మా మేనకోడలు గాలిలోని ధూళిని కొలుచు చిన్న యంత్రము నొకదానిని తెచ్చి, ఇంటివారి చేత ఒకరి తరువాత ఒకరిచేత ధరింపజేసెను. మా మరదలికే యెక్కువ తగులునని అందఱును అనుకొన్నారు. అందఱకంటె ఎక్కువ తగిలినది పదవ తరగతి చదువుచున్న మా తమ్ముని మనుమరాలికి. తెల్లవాఱుజామున నీళ్లు కాగుచుండగా, ఆ పొయ్యి ప్రక్కనే కూర్చుండి అది పాఠములు చదువుకొనును.

మేనల్లుడు ఫోనులో గొట్టముగల బాయిలరు వెల చెప్పెను. మేనకోడలు ఇంకొక వారము కొలువవలెననెను. మా మరదలు ఇద్దఱి మాటయు విని, పిల్లను పిలిచి, “అక్కడే ఎందుకే కూర్చుంటావు?” అని యడిగెను. వెచ్చగా నుండుననియు, వసారాలో బల్బు అచటనే యున్నదనియు అది చెప్పెను. మఱునాడు మా తమ్ముడు తీగ లాగి బల్బును వసారా రెండవ చివరకు మార్చెను. మా మరదలు తన పాత శాలువ నొకటి ఆ కుర్చీమీద వేసినది. బాయిలరునకు డబ్బు కూడబెట్టుచున్నారు.